మూడేళ్ల బాబు, ఆరేళ్ల పాపతో అనంతగిరి, ఆ తర్వాత శ్రీవారి మెట్టు: ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మల్కాజిగిరి_అమ్మ | జనవరి 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు నిండాయి, 13 కిలోలు ఉంటాడు. మేమిద్దరం, మా అత్తయ్యగారు (62 ఏళ్లు, మోకాళ్లు కాస్త ఇబ్బంది పెడతాయి). సంక్రాంతి సెలవుల్లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలో నడక, ఫిబ్రవరి చివర్లో మొక్కు కోసం తిరుమలకి శ్రీవారి మెట్టు నడకదారి. ఎంత దూరం పెట్టుకోవాలి, బాబుని ఎత్తుకోడానికి క్యారియర్ కొనాలా, తిండి, నీళ్లు, మందులు ఏం తీసుకెళ్లాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

రాతిగుట్ట | జనవరి 3, రాత్రి 10:15

దూరం తర్వాత, ముందు టైం లెక్కేసుకోండి. మూడేళ్ల పిల్లాడు అడవి బాటలో గంటకి ఒక కిలోమీటరు నడిస్తే బాగా నడిచినట్టే. చీమల బారు కనబడితే కూర్చుంటాడు, పుల్ల దొరికితే నేల మీద గీస్తాడు. పాప గంటకి రెండు కిలోమీటర్లు నడవగలదు గానీ గుంపు వేగం ఎప్పుడూ చిన్నోడిదే.

పొద్దున 7కి బాట ఎక్కి 10:30కి కారు దగ్గరుండాలని అనుకుందాం. మూడున్నర గంటలు. తినడం, మూత్రం, బూట్లలో రాళ్లు దులపడం, అలగడం, వీటన్నిటికీ గంట తీసేయండి. మిగిలింది రెండున్నర గంటలు, అంటే రానూపోనూ కలిపి రెండున్నర కిలోమీటర్లు. అంతకు మించి పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి. వెనక్కి తిరిగే టైం ఇంట్లోనే రాసుకోండి: 8:30. వ్యూ పాయింట్ చేరినా, ఇంకో రెండు వందల మీటర్లే ఉందని ఎవరైనా చెప్పినా, 8:30కి తిరగాల్సిందే. సగం టైం 8:45 కదా అంటారేమో, పావుగంట ముందు ఎందుకంటే తిరుగు దారిలో బాబు నడవడు. పెద్దవాళ్లకి అలసట కొంచెం కొంచెంగా వస్తుంది, పిల్లలకి ఒక్కసారిగా వస్తుంది. అప్పటిదాకా పరుగెత్తినవాడు నేల మీద కూలబడతాడు. దానికి ముందు ఆనవాళ్లు ఉంటాయి: చదును నేల మీద తడబడటం, చిన్నదానికే ఏడుపు, వసపిట్టలా వాగేవాడు ఉన్నట్టుండి మాట మానేయడం. ఈ మూడిట్లో ఏది కనబడినా ఆగి ఏదైనా తినిపించండి, తిరుగుముఖం పట్టండి.

అనంతగిరి బాటలు నిటారుగా ఉండవు, మీకు మంచి ఎంపిక. పద్మనాభస్వామి గుడి దాటాక అడవిలో పశువుల కాపర్ల అడ్డదారులు చాలా ఉంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వెడల్పాటి ప్రధాన బాట వదలొద్దు. మ్యాప్ ఫోన్‌లోకి ముందే దించుకోండి, లోపల సిగ్నల్ నమ్మలేం. ఆదివారం కన్నా వారం మధ్యలో వెళ్తే మేలు.

లెక్కల_మాస్టారు | జనవరి 4, ఉదయం 6:50

ఏడాది వయసుకి ఒక కిలోమీటరు అనే లెక్క ఒకటి వాడుకలో ఉంది కదండీ. ఆ ప్రకారం బాబు మూడు, పాప ఆరు నడవొచ్చు. రెండున్నర మరీ తక్కువ అనిపిస్తోంది.

రాతిగుట్ట | జనవరి 4, ఉదయం 7:20

మాస్టారూ, ఆ లెక్క చదును బాటకి, చల్లటి పూటకి, నడక అలవాటున్న పిల్లలకి. ఎత్తు ఎక్కాల్సి వస్తే సగానికి సగం కోసేయాలి. మెట్లకైతే ఆ లెక్క పనికే రాదు. మెట్టు ఎత్తు మనకి జానెడు కూడా ఉండదు, మూడేళ్ల పిల్లాడికి అది దాదాపు మోకాలి దాకా వస్తుంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి, మళ్లీ ఎక్కుతాడు. మనకి నూరు మెట్లంటే వాడికి నూరు గోడలు.

సంచీల_మేస్త్రి | జనవరి 4, ఉదయం 10:05

క్యారియర్ గురించి. 13 కిలోల పిల్లాడికి ఫ్రేమ్ క్యారియర్ (గట్టి చట్రంతో వీపుకి తగిలించుకునేది) అంటే బరువు లెక్క ఇలా ఉంటుంది: పిల్లాడు 13, ఖాళీ ఫ్రేమ్ 3 నుంచి 3.5, నీళ్లు 1.5, బట్టలు, డైపర్లు మరో కిలో. మొత్తం 19 కిలోల దరిదాపు. మోసేవాళ్ల బరువులో నాలుగో వంతు దాటకూడదన్నది లెక్క. 72 కిలోల మనిషికి 18. అంటే మీ ఇంట్లో మోసేవాళ్లు కనీసం 76 కిలోలు ఉండాలి, లేదా నీళ్లు, సామాను ఇంకొకరి సంచిలోకి మార్చాలి. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ బరువులో పిల్లాడు, సామాను, కొన్నిట్లో ఫ్రేమ్ కూడా కలిపి ఉంటాయి. ఆ చిన్న అక్షరాలు చదివాకే కొనండి.

మీ బాబుకి ఇంకో ఏడాదిలో ఇది ఇరుకైపోతుంది. కొత్తది కొనడం దండగ, అద్దెకి దొరికితే తీసుకోండి. లేదంటే పెద్ద పిల్లల సైజు మెత్తటి క్యారియర్ చాలు. మడిస్తే సంచిలో పడుతుంది, బాబు నడిచినంతసేపూ ఖాళీ ఫ్రేమ్ మోయాల్సిన బాధ ఉండదు.

ఏది వాడినా ఇవి గుర్తుంచుకోండి.

నడుం పట్టీ బొడ్డు దగ్గర కాదు, తుంటి ఎముక పైఅంచు మీద కూర్చోవాలి. ముందు నడుం పట్టీ బిగించి, ఆ తర్వాత భుజాలవి లాగండి. వరుస తప్పితే బరువంతా భుజాలకి ఎక్కి అరగంటకే మెడ పట్టేస్తుంది.

మెట్ల మీద ఛాతీ వైపు కట్టుకోవద్దు, మీ పాదాలు మీకే కనబడవు. వీపు మీదే.

లోపలి పట్టీలు ప్రతిసారీ పెట్టాలి, "ఐదు నిమిషాలేగా" అనుకున్నప్పుడు కూడా. ఫ్రేమ్ క్యారియర్‌తో ముందుకి వంగి బూటు లేసు కట్టుకుంటే పట్టీ లేని పిల్లాడు మీ తల మీదుగా జారి ముందుకి పడతాడు. వంగడం కాదు, మోకాళ్లు మడిచి కూర్చోవాలి.

స్టాండ్ పూర్తిగా తెరుచుకుని టక్కుమన్నాకే, చదును నేల మీదే దించాలి. బండ మీద, బల్ల మీద ఎప్పుడూ వద్దు.

ముప్పావుగంటకోసారి దించండి. వేలాడే కాళ్లకి తొడ దగ్గర ఒత్తుకుని తిమ్మిరెక్కుతుంది. మోసేవాళ్లకి చెమట పడుతుంటే పైన కదలకుండా కూర్చున్నవాడికి చలేస్తుంటుంది, ఆ తేడా చాలామంది గమనించరు. కాళ్లు, చేతులు ముట్టి చూస్తుండండి.

మల్కాజిగిరి_అమ్మ | జనవరి 4, మధ్యాహ్నం 1:30

చాలా ఉపయోగంగా ఉంది. మరి చీరతో వీపుకి కట్టుకోవడం ఎలా ఉంటుంది? మన్యంలో ఆడవాళ్లు అలాగే మోస్తారు కదా.

అరకు_బాట | జనవరి 4, మధ్యాహ్నం 3:10

మోస్తారు, చాలా చక్కగా మోస్తారు. కానీ చిన్నప్పటి నుంచి చూసి, చేసి వచ్చిన పని అది. మెడ నిలిచిన పిల్లలు, ఎనిమిది పది కిలోల లోపు, అలవాటైన చేతులు అయితే మంచి పద్ధతే. గుడ్డ పిల్లాడి పిరుదుల కింద నుంచి రెండు మోకాళ్ల వెనక దాకా పరుచుకుని, మోకాళ్లు పిరుదుల కన్నా పైకి ఉండాలి. 13 కిలోల బాబు కాలు ఝాడిస్తే కొత్తవాళ్ల ముడి జారుతుంది. పట్టు చీర, సింథటిక్ చీర అసలొద్దు. కొండ మీద మొదటిసారి ప్రయత్నించే విషయం కాదండి ఇది.

పిల్లలవార్డు_నర్సు | జనవరి 4, రాత్రి 8:45

నీళ్లు, తిండి, మందుల గురించి నేను రాస్తాను. కాస్త పొడుగవుతుంది.

నీళ్లు. దాహం అన్నప్పుడు ఇవ్వడం కాదు, ఇరవై నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు తాగించండి. బాబుకి గంటకి 200 మి.లీ., పాపకి 250, పెద్దవాళ్లకి అర లీటరు. మూడున్నర గంటలకి ఐదుగురికి ఏడు లీటర్లు అవుతుంది. ఒక్కరి సంచిలో వేయకండి, ముగ్గురు పెద్దవాళ్లూ పంచుకోండి, అత్తయ్యగారికి లీటరు మించి ఇవ్వొద్దు. పాప తన సీసా తానే మోయొచ్చు, ఆరేళ్లకి చిన్న సంచిలో కిలో, కిలోన్నర దాటకూడదు. మూడు గంటలు దాటినా మూత్రానికి వెళ్లకపోతే, వెళ్లినా ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదు.

ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లకి. సగం పొడి అర లీటరులో కలుపుతాం అనుకోవద్దు, ప్యాకెట్‌లో ఉప్పు, గ్లూకోజు సమంగా కలిసి ఉంటాయని నమ్మకం లేదు. 200 మి.లీ. చిన్న ప్యాకెట్లు నడకకి బాగా కుదురుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుకి సమంగా, కుప్పగా కాదు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, కాబట్టి చిటికెల లెక్క వద్దు. షాపుల్లో అట్టపెట్టెల్లో అమ్మే పళ్లరసం లాంటి తీపి పానీయాల మీద మొన్నటిదాకా "ఓఆర్ఎస్" అని ఉండేది. హైదరాబాద్‌ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దాని మీద పోరాడారు, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనబడితే మోసపోకండి, అందులో చక్కెర చాలా ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని చూసి మెడికల్ షాపులో తీసుకోండి.

తిండి. ఇడ్లీకి నెయ్యి, పప్పుల పొడి రాసి తీసుకెళ్తే చేతికంటదు. పులిహోర పొద్దున చేసింది మధ్యాహ్నం దాకా ఆగుతుంది. పెరుగన్నం ఎండకి పులిసిపోతుంది, తీసుకెళ్లాలంటే పాలల్లో కలిపి చెంచాడు పెరుగు తోడు వేయండి. సున్నుండలు, గింజ తీసిన ఖర్జూరం, చపాతీకి బెల్లం నెయ్యి రాసి చుట్టినవి, ఇవన్నీ నడుస్తూ తినడానికి బాగుంటాయి. నడుస్తూ అన్నానుగానీ బాబుకి మాత్రం కూర్చోబెట్టే పెట్టండి. వేరుశనగ గింజలు, పల్లీ పట్టీ, గట్టి చాక్లెట్లు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్ష నాలుగైదేళ్ల లోపు వాళ్లకి వద్దు. రొప్పుతూ నములుతుంటే గింజ ఊపిరి గొట్టంలోకి పోతుంది. ద్రాక్ష ఇవ్వాలంటే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఒకేసారి కడుపు నిండా కాదు, గంటకోసారి కాస్త.

పారాసిటమాల్. కిలోకి 15 మి.గ్రా., ఆరు గంటల తేడాతో, రోజులో నాలుగు సార్లు మించకుండా. మీ బాబు 13 కిలోలు, అంటే 195 మి.గ్రా. ఇక్కడే పొరపాటు జరిగేది: 120 మి.గ్రా./5 మి.లీ. సీసాలో అది 8 మి.లీ., 250 మి.గ్రా./5 మి.లీ. సీసాలో 4 మి.లీ. లోపే. రెండు సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మోతాదు ఒక చీటీ మీద రాసి సీసాకి అంటించండి.

మందుల సంచిలో: ఓఆర్ఎస్, ఆ సిరప్, అంటుపట్టీలు రెండు సైజులు, గాజు గుడ్డ, క్రేప్ బ్యాండేజీ ఒకటి, ముల్లు తీయడానికి చిమటా, కత్తెర, సెలైన్ చిన్న సీసాలు నాలుగు (కంట్లో దుమ్ము పడితే, గాయం కడగడానికి), కాలమైన్ లోషన్, డాక్టర్ మీ పిల్లల బరువుకి రాసిచ్చిన అలర్జీ మందు. ఇంకేమీ అక్కర్లేదు. వాంతుల మందు, యాంటీబయాటిక్ సొంతంగా పెట్టుకోకండి.

తిరుపతోడు | జనవరి 5, ఉదయం 5:55

శ్రీవారి మెట్టు సంగతి నేను చెప్తానబ్బా.

మెట్లు 2388, దూరం 2.1 కిలోమీటర్లు. అలిపిరి దారి 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. చిన్నది కదా అని అందరూ శ్రీవారి మెట్టుకే వస్తారు, కానీ చిన్నదంటే నిటారుగా ఉంటుందని అర్థం. మధ్యలో రోడ్డు తగలదు. అలిపిరి దారి గాలిగోపురం దాకా గట్టిగా ఎక్కి, ఆ తర్వాత చాలాసేపు చదునుగా పోతుంది, కొంత దూరం ఘాట్ రోడ్డు పక్కనే ఉంటుంది, ఎవరికైనా బాగా లేకపోతే వాహనం ఎక్కించొచ్చు. మళ్లీ మోకాళ్ల మెట్టు దగ్గర కష్టం. అత్తమ్మకి మోకాళ్లు నొప్పులైతే, నా మాటగా, ఆమెని బస్సులో పైకి పంపి మీరు నలుగురే నడవండి. మొక్కు ఆమెదే అయితే సగం దగ్గర ఆగి చూసుకోండి. సగానికే నొప్పి ఉంటే అక్కణ్నుంచి దిగొచ్చు, ముప్పాతిక దాటాక పైకి పోవడమే సులువు.

ఆరేళ్ల పాపతో మూడున్నర గంటలు వేసుకోండి. తెల్లవారగానే మొదలుపెట్టాలి. దర్శనం టోకెన్లు ఇచ్చే చోటు, వేళ మారుతుంటాయి, ముందురోజు టీటీడీ ప్రకటన చూసుకోండి. సామాను కింద కౌంటర్లో ఇస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, రసీదు జాగ్రత్త. నీళ్లు, పిల్లల తిండి, ఒక జత బట్టలు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

చిరుత విషయం భయపెట్టడానికి కాదు, దాచకూడదు కాబట్టి చెప్తున్నా. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత నుంచి చిన్నపిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక నడకదారిలోకి పంపకూడదనే నిబంధన వచ్చింది. వయసు హద్దు ఒకసారి 15 అన్నారు, తర్వాత మార్చారు, మీరు వచ్చేరోజుకి ఏముందో చూసుకోండి. మీకైతే మధ్యాహ్నం దాకా ఆగాల్సిన పనే లేదు. పిల్లలు ఎప్పుడూ ఇద్దరు పెద్దోళ్ల మధ్యలో ఉండాలి. ముందుకి పరుగెత్తనివ్వద్దు, వెనక ఒంటరిగా మిగలనివ్వద్దు. మెట్లు దిగి పొదల్లోకి మూత్రానికి పంపొద్దు, దారిలో మరుగుదొడ్లు ఉన్నాయి. ఒకవేళ చిరుత కనబడితే పరుగెత్తొద్దు, వంగొద్దు. పిల్లోణ్ని ఎత్తి భుజానికెక్కించుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనబడుతూ, గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి అడుగేయాలి.

చెప్పులు లేకుండా నడవాలా అని అడుగుతారు. పెద్దోళ్ల ఇష్టం. పిల్లల అరికాళ్లు మెత్తన, ఎండ పడిన రాయి కాలుతుంది. పై కప్పు లేని చోట తడి గోనెపట్టా దొరుకుతుందనుకోవద్దు. మందపాటి సాక్సులు వేస్తే చాలు అనుకుంటారు, నున్నటి రాతి మీద సాక్సు సర్రున జారుతుంది. బాబుకి మడమ పట్టీ ఉన్న చెప్పులు వేయండి, గుడి దగ్గర తీసేస్తే సరిపోతుంది.

మల్కాజిగిరి_అమ్మ | జనవరి 5, ఉదయం 8:30

తిరుపతి అన్నగారికి ధన్యవాదాలు. అత్తయ్యగారిని బస్సులోనే పంపిద్దాం అనుకుంటున్నాం, ఆవిడ ఒప్పుకుంటే. పాపకి స్కూలు కాన్వాస్ బూట్లు ఉన్నాయి, చాలవా?

సంచీల_మేస్త్రి | జనవరి 5, ఉదయం 11:20

ఆ బూట్లు తిప్పి చూడండి. అట్ట మీద గళ్లు నున్నగా అరిగి ఉంటే అడవిలో ఎండుటాకుల మీద, తడి రాయి మీద జారుతాయి. గాడులు మూడు నాలుగు మి.మీ. లోతు ఉంటే వేయొచ్చు, బ్రాండ్ ముఖ్యం కాదు.

సైజు చూసే పద్ధతి: సాయంత్రం పూట, వేసుకునే సాక్సులతోనే. పాదం ముందుకి జరిపితే మడమ వెనక మీ చిటికెనవేలు పట్టాలి, అంటే సెంటీమీటరు పైగా ఖాళీ. దిగేటప్పుడు పాదం ముందుకి తోసుకొస్తుంది, ఆ ఖాళీ లేకపోతే బొటనవేలి గోరు నల్లబడుతుంది. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించండి, ముందురోజు రాత్రి కత్తిరిస్తే అంచులు గుచ్చుతాయి. ఎక్కేటప్పుడు లేసు పైన కాస్త వదులు, దిగేముందు చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టాలి. కొత్త బూట్లయితే రెండు వారాలు ఇంట్లో, పార్కులో తొడిగించాకే కొండకి.

నూలు సాక్సు తడిస్తే తడిగానే ఉండి బొబ్బలు తెప్పిస్తుంది. సంచిలో ఇంకో జత ఉండాలి. మడమ ఎర్రబడిందని పాప చెప్పిన వెంటనే అంటుపట్టీ వేయండి, బొబ్బ పొంగాక వేసినా నడవలేదు. రబ్బరు క్లాగ్స్ మాత్రం కొండకి వద్దు, మడమ నిలవదు.

రాతిగుట్ట | జనవరి 5, సాయంత్రం 6:00

శ్రీవారి మెట్టుకి ఇంకా ఏడు వారాలుంది. అపార్ట్‌మెంట్ మెట్లతో మొదలెట్టండి. అంతస్తుకి ఇరవై మెట్లు చొప్పున ఐదంతస్తులు వంద. పాప మొదటి వారం వారానికి మూడు రోజులు, రోజుకి మూడు వందలు ఎక్కనివ్వండి, లిఫ్టులో దించండి. వారానికి వంద చొప్పున పెంచితే ఐదో వారానికి ఏడు వందలు. ఆ లెక్కన ఎక్కగలిగితే ఆగుతూ ఆగుతూ 2388 ఎక్కగలదు. చివరి వారం ఏమీ చేయించకండి. దానికి ముందు రెండుసార్లయినా మెట్లు నడిపించి దింపండి, పిక్కలు పట్టేది ఎక్కినప్పుడు కాదు, దిగినప్పుడే. బాబుని మోసేవాళ్లు కూడా బాబుతోనే ఎక్కాలి, ఇసుక సంచి కదలదు, పిల్లాడు కదులుతాడు.

మధ్యలో ఒక ఆదివారం భువనగిరి కోట పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కోట, కొండంతా ఒకే బండ. కింద మెట్లున్నంత దాకా పాపకి బాగుంటుంది. పైన మెట్లు తగ్గి ఏటవాలు బండ మొదలైన చోట బాబుని దించొద్దు. జనవరిలో కూడా 10 తర్వాత ఆ రాయి వేడెక్కుతుంది. పైన నీటి గుంటల దగ్గర అంచు నున్నగా నాచు పట్టి ఉంటుంది, చెయ్యి వదలొద్దు. బండల కింద పెద్ద తేనెపట్లు ఉండొచ్చు. రాళ్లు విసరడం, మంట, పొగ, ఘాటైన సెంటు, ఈ నాలుగూ వాటికి పడవు. లేస్తే నేల మీద పడుకోవడం కాదు, పిల్లల మొహానికి గుడ్డ కప్పి ఎత్తుకుని దూరంగా పరుగెత్తడమే.

ఇంకొకటి, పిల్లల్ని ఎలా పట్టుకోవాలి అన్నది. ఏటవాలు మీద పెద్దవాళ్లు ఎప్పుడూ పిల్లాడికి దిగువన ఉండాలి, ఎక్కేటప్పుడు వెనక, దిగేటప్పుడు ముందు. జారితే మీ మీదకి జారాలి.

పిల్లలవార్డు_నర్సు | జనవరి 5, రాత్రి 9:15

రాతిగుట్ట గారి మాటకి ఒక చేర్పు. ఎత్తు మెట్టు వచ్చినప్పుడు ఒక్క చెయ్యి పట్టుకుని పైకి గుంజకండి. ఐదేళ్ల లోపు పిల్లల్లో మోచేయి ఎముక చుట్టూ ఉన్న పట్టీ వదులుగా ఉంటుంది, ఒక్క కుదుపుకి జారిపోతుంది. వాపు ఉండదు, దెబ్బ కనబడదు. పిల్లాడు చెయ్యి కొంచెం మడిచి ఒంటికి ఆనించుకుని కదపకుండా ఏడుస్తాడు, అదే గుర్తు. డాక్టర్ ఒక్క తిప్పుతో సరిచేస్తారు, మీరు మాత్రం ప్రయత్నించొద్దు. ఇద్దరు చెరో చెయ్యి పట్టి ఊపే ఆట కూడా ఇందుకే వద్దు. ఎత్తాలంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి.

అరకు_బాట | జనవరి 6, ఉదయం 7:40

పురుగూ పుట్రా సంగతి ఎవరూ రాయలేదు.

అడవిలో ఫుల్ ప్యాంటు, అంచులు సాక్సులోకి దోపాలి. గడ్డి మీద గుడ్డ పరవకుండా పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. ఇంటికి రాగానే స్నానం, బట్టలు వేడినీళ్లలో. స్నానంలో చెవుల వెనక, చంకలు, గజ్జలు, నడుం బిగుతు పడే చోటు, మోకాలి మడత చూడండి. పొదల్లో ఉండే చిగ్గర్ అనే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టింది తెలియదు, కంటికీ కనబడదు. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు జ్వరం వస్తే డాక్టర్‌కి "అడవికి వెళ్లాం" అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో పరీక్ష తేలికవుతుంది, తగిన మందు పడితే త్వరగా తగ్గుతుంది.

పాము: జనవరిలో పొద్దున ఎండ కాచుకోడానికి బండల మీదికి వస్తాయి. పిల్లల చేతులు రాళ్ల సందుల్లో పెట్టనివ్వద్దు, దుంగ ఉంటే దాని మీద ఎక్కి చూసి దిగాలి, నేరుగా అటువైపు అడుగేయకూడదు. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. పట్టీలు, గాజులు, ఉంగరాలు, బూటు తీసేయండి, కాటు పడిన కాలు కదలకుండా కర్రకి కట్టి, పిల్లని నడిపించకుండా ఎత్తుకుని 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి. చిన్నపిల్లలకి కూడా విరుగుడు మోతాదు పెద్దవాళ్లంతే, డాక్టర్ అన్ని సీసాలు ఎక్కిస్తుంటే కంగారు పడొద్దు.

కోతులు: అనంతగిరి గుడి దగ్గర చేతిలో కవరు కనబడితే చాలు. అరటిపళ్లు సంచి లోపల, సంచి జిప్పు వేసి. లాక్కుంటే వదిలేయండి, పిల్లలు గుంజులాడితేనే గీరుతుంది. గీరుకున్నా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లాలి.

లెక్కల_మాస్టారు | జనవరి 6, ఉదయం 9:00

పిల్లలు తప్పిపోతే ఏం చేయాలో ముందే నేర్పించాలండి. తప్పిపోయానని తెలిసిన క్షణం ఉన్నచోటే కూర్చోవాలి, వెతుక్కుంటూ నడవకూడదు. ఈల మూడుసార్లు, ఆగి మళ్లీ మూడుసార్లు. ఆరేళ్ల పాప నేర్చుకుంటుంది, ఇంట్లోనే ఆటలా చేయించండి. అడవిలో మాత్రం సరదాకి ఊదితే కుదరదని ఖచ్చితంగా చెప్పాలి.

ఈల మెడలో తాడుతో వేలాడదీయొద్దు, కొమ్మకి తగులుకుంటే ఉరి పడుతుంది. చొక్కా జేబుకి పిన్నుతో. బట్టలు ముదురు నారింజ, ఎరుపు, పసుపు. పచ్చ, గోధుమ రంగులు అడవిలో కలిసిపోతాయి. ముంజేతి మీద బాల్‌పెన్నుతో ఫోన్ నంబరు రాయండి, రెండు నంబర్లు. బయల్దేరే ముందు పిల్లలిద్దరి ఫొటో ఆ రోజు వేసుకున్న బట్టల్లో తీసిపెట్టుకోండి, ఏ రంగు చొక్కా అంటే కంగారులో గుర్తురాదు.

మల్కాజిగిరి_అమ్మ | జనవరి 6, మధ్యాహ్నం 2:20

అన్నీ రాసుకున్నాను. రెండు చిన్న సందేహాలు. బాబుకి ఇంకా నడకల్లో డైపర్ వేస్తున్నాం, అడవిలో ఏం చేయాలి? ఇంకొకటి, తిరుమల నుంచి దిగేటప్పుడు బస్సులో పాపకి ప్రతి మలుపుకీ వాంతి వస్తుంది, దానికేమైనా ఉందా?

అరకు_బాట | జనవరి 6, సాయంత్రం 4:05

డైపర్ పాతిపెట్టొద్దు, తగలబెట్టొద్దు, జంతువులు తవ్వుతాయి. వార్తాపత్రికలో చుట్టి జిప్పు కవరులో, ఆ కవరు ఇంకో నల్ల కవరులో వేసి ఇంటికి తెచ్చుకోవడమే. పాపకి దొడ్డికొస్తే బాటకి, వాగుకి డెబ్బై అంగలు దూరంగా జానెడు లోతు గుంట తీసి పూడ్చండి, తోట పనికి వాడే చిన్న తాపీ చాలు. తడి తుడుపు కాగితాలు మట్టిలో కలవవు, అవీ కవరులోకే.

పిల్లలవార్డు_నర్సు | జనవరి 6, రాత్రి 8:10

ఘాట్ రోడ్డు వాంతులకి: బస్సు ఎక్కే గంట ముందు రెండు ఇడ్లీలో, బిస్కెట్లో, తేలిగ్గా. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు, పాలు అసలొద్దు. లడ్డూ ప్రసాదం బస్సు దిగాక. ముందు వరసల్లో కిటికీ సీటు, మొహం ముందుకే, చూపు దూరంగా రోడ్డు మీద ఉండాలి. ఫోన్ చేతికిస్తే మొదటి మూడు మలుపుల్లోనే వాంతి ఖాయం. తల సీటుకి ఆనించి కదలకుండా పట్టుకోండి. వీటితో ఆగకపోతే పాప బరువు చెప్పి డాక్టర్‌ని అడిగి మందు రాయించుకోండి, అది బస్సు ఎక్కాక వేస్తే పనిచేయదు, అరగంట నుంచి గంట ముందు వేయాలి. బాబుకి అదే మందు సగం చేసి ఇవ్వకండి, పిల్లల వయసుని బట్టి కొన్ని మందులు అసలు పనికిరావు, ప్రోమెథజైన్ లాంటివి రెండేళ్ల లోపు నిషేధం. ఎందుకైనా మంచిది, మందపాటి కవర్లు నాలుగు, తడి గుడ్డ, పాప ఇంకో చొక్కా మీ చేతి సంచిలోనే ఉంచుకోండి, పైన పెట్టే సామానులో కాదు.